ఉపోష్ణమండల వర్షారణ్యంలో ప్రజా భాగస్వామ్య ప్రకృతి కార్యక్రమాలు: లామింగ్టన్ జాతీయ ఉద్యానవన అనుభవం

సారాంశం

జాతీయ ఉద్యానవనాలలో ప్రజల కోసం నిర్వహించే ప్రకృతి కార్యక్రమాల ఫలితాన్ని సాధారణంగా హాజరైనవారి సంఖ్యతోనో, నాటిన మొక్కల సంఖ్యతోనో కొలుస్తారు. ఆస్ట్రేలియాలోని లామింగ్టన్ జాతీయ ఉద్యానవనంలోను, దాని చుట్టుపక్కల ప్రాంతంలోను లభించిన అనుభవం ఈ కొలమానం చాలదని తెలియజేస్తుంది. అక్కడి రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక అడవి విస్తీర్ణం తగ్గినందువల్లనే కాక, తోటలలో అందం కోసం పెంచిన ఒక విదేశీ తీగ వల్ల కూడా క్షీణించింది. ఆ తీగను తొలగించి, స్థానిక తీగను పెంచే పనిలో పాఠశాలలు, భూయజమానులు, స్వచ్ఛంద కార్యకర్తలు పాల్గొన్నారు. ఒక జీవి జీవితచక్రంలోని బలహీన దశను గుర్తించి, ఆ దశకు తగిన పనిని ప్రజలకు అప్పగించినప్పుడే ప్రకృతి కార్యక్రమం పరిరక్షణగా మారుతుందన్న అంశాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ఆగ్నేయ మూలలో, న్యూ సౌత్ వేల్స్ సరిహద్దును ఆనుకొని లామింగ్టన్ పీఠభూమి ఉంది. ఇది సుమారు 28 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద ఉన్నందున ఇక్కడి అడవి ఉష్ణమండల వర్షారణ్యానికి, సమశీతోష్ణ అరణ్యానికి మధ్యస్థంగా ఉంటుంది. వర్షం అధికభాగం వేసవిలో, అనగా డిసెంబరు నుండి మార్చి వరకు, కురుస్తుంది. సుమారు 2 కోట్ల 30 లక్షల సంవత్సరాల క్రితం చురుకుగా ఉన్న ఒక విశాలమైన అగ్నిపర్వతం నుండి వెలువడిన బసాల్టు శిలలు శిథిలమై, ఇక్కడ సారవంతమైన ఎర్రనేలలు ఏర్పడ్డాయి. దిగువ వాలులలో తీగలు, మర్రిజాతి చెట్లు, వెడల్పాటి ఆధార వేర్లు గల మహావృక్షాలు కనిపిస్తాయి. మేఘాలు తాకే ఎత్తైన శిఖరాలపై అంటార్కిటిక్ బీచ్ అనే ప్రాచీన వృక్షాలు నాచు కప్పుకొని నిలిచి ఉంటాయి. దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా భూభాగపు వృక్షసంపదకు ఇవి మిగిలిన సాక్ష్యాలు.

ఈ అడవి యుగంబే ప్రజల పూర్వీకుల భూమి. ఈ ఉద్యానవనం గోండ్వానా వర్షారణ్యాల ప్రపంచ వారసత్వ ప్రాంతంలో భాగం. ఆ వారసత్వ హోదా 1986లో న్యూ సౌత్ వేల్స్ అడవులకు లభించి, 1994లో క్వీన్స్‌లాండ్ భాగానికి విస్తరించింది. ప్రస్తుతం ఉద్యానవన విస్తీర్ణం 20 వేల హెక్టార్లకు పైగా ఉంది. ఆల్బర్ట్ లైర్‌బర్డ్, రీజెంట్ బవర్‌బర్డ్ వంటి పక్షులు, వర్షం కురిసినప్పుడు కాలిబాటలపైకి వచ్చే నీలిరంగు ముళ్ల క్రేఫిష్ ఇక్కడి ప్రత్యేకతలు.

ఉద్యానవనం ఏర్పడిన తీరు

లామింగ్టన్ చరిత్ర పశుపోషణతోను, కలప వ్యాపారంతోను ముడిపడి ఉంది. సారవంతమైన నేల ఉన్నచోట అడవిని నరికి పాడిపశువుల మేతభూములుగా మార్చడం పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాలలో ప్రభుత్వ ప్రోత్సాహంతో సాగిన పని. ఆ కాలంలోనే స్థానిక పశుపోషకుడు, శాసనసభ్యుడు అయిన రాబర్ట్ మార్టిన్ కాలిన్స్ ఈ పర్వతప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించాలని కోరడం ప్రారంభించాడు. ఆయన 1913లో మరణించాడు. తరువాత రోమియో లేహీ ఆ ఉద్యమాన్ని చేపట్టాడు. లేహీ కుటుంబం కలప కోత మిల్లులు నడిపిన కుటుంబం. చెట్టు విలువను ఘనపుటడుగులలో లెక్కించే ఇంటినుండి వచ్చిన ఇంజనీరు చుట్టుపక్కల నివాసులను కలిసి, సభలలో ప్రసంగించి, సంతకాలు సేకరించి ప్రభుత్వాన్ని ఒప్పించడానికి కృషి చేయడం గమనార్హం. 1915 జులైలో ఉద్యానవనం ఏర్పడింది.

ప్రకటన వెలువడేనాటికే ఓరైలీ కుటుంబ సభ్యులు 1911లో పీఠభూమిపై పాడిపరిశ్రమ కోసం భూములు తీసుకొని ఉన్నారు. చుట్టూ ఉద్యానవనం ఏర్పడగా వారి భూములు మధ్యలో మిగిలిపోయాయి. అడవిని చూడవచ్చిన బాటసారులకు ఆతిథ్యమిస్తూ వచ్చిన ఆ కుటుంబం 1926లో అతిథిగృహాన్ని ప్రారంభించింది. 1930లో లేహీ తొలి అధ్యక్షుడుగా క్వీన్స్‌లాండ్ జాతీయ ఉద్యానవనాల సంఘం ఏర్పడింది. 1933లో ఆయన, ఆర్థర్ గ్రూమ్ కలిసి ఉద్యానవనపు మరొక అంచున బిన్నా బర్రా విడిదిని స్థాపించారు. ఆర్థిక మాంద్యకాలంలో నిరుద్యోగ ఉపశమన పథకాల కింద పనిచేసిన కూలీలు వాలుకు తగిన మలుపులతో కాలిబాటలు తీర్చారు. నేడు సందర్శకులు నడిచే బాటలలో అధికభాగం ఆనాటివే.

ఈ చరిత్రలో విస్తరణ విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటున్నది. ఉద్యానవనం, దానిలోని ప్రకృతి నడకలు, వాటి నిర్వహణ సంఘాలు భూమితో జీవనోపాధి గల కుటుంబాల చొరవ నుండి కూడా పుట్టాయి. రైతును, కలప వ్యాపారిని పరిరక్షణకు సహజ ప్రత్యర్థులుగా భావించడం ఇక్కడి వాస్తవానికి విరుద్ధం.

కార్యక్రమాల స్వరూపం

ప్రస్తుతం ఈ ప్రాంతంలో జరిగే కార్యక్రమాలను మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటివి పరిచయ కార్యక్రమాలు. మార్గదర్శకునితో కలిసి నడవడం, వేకువన పక్షులను గుర్తించడం, రాత్రివేళ మిణుకుమనే కీటక డింభకాలను చూడడం ఈ కోవకు చెందుతాయి. వీటి ప్రయోజనం పేర్లు నేర్పడం, ఆసక్తిని కలిగించడం. రెండవవి పరిశీలన కార్యక్రమాలు. ఒకే బాటలో, ఒకే కాలంలో, ఏటా పక్షులను లేదా సీతాకోకచిలుకలను లెక్కించి నమోదు చేయడం వీటిలో ముఖ్యం. మూడవవి పునరుద్ధరణ కార్యక్రమాలు. కలుపు తీగలను తొలగించడం, స్థానిక మొక్కలను నాటడం, నాటినవాటిని సంరక్షించడం వీటిలో ఉంటాయి.

మూడవ రకంలో నైపుణ్యం అవసరం. అడవి అంచులలో లాంటానా, అనగా తెలుగు ప్రాంతాలలో తలంబ్రాల చెట్టుగా పిలిచే పొద, దట్టంగా అల్లుకొని ఉంటుంది. ఉత్సాహంతో వచ్చిన బృందం దానిని ఒక్కరోజులో పెద్ద విస్తీర్ణంలో నరికివేస్తే నేలకు ఒక్కసారిగా ఎండ తగిలి, మరింత కలుపు మొలుస్తుంది. ఈ సమస్యకు సిడ్నీ నగరంలో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే సోదరీమణులు 1960లలో రూపొందించిన విధానం ఆస్ట్రేలియా అంతటా ప్రామాణికమైంది. దాని సూత్రాలు మూడు: ఆరోగ్యంగా ఉన్న అడవి భాగం నుండి ప్రారంభించి కలుపు ఎక్కువగా ఉన్న భాగం వైపు సాగాలి, నేలను వీలైనంత తక్కువగా కదిలించాలి, స్థానిక మొక్కలు తిరిగి మొలిచే వేగాన్ని మించి కలుపు తీయరాదు. ఈ విధానంలో పని వేగాన్ని నిర్ణయించేది అడవి. కార్యకర్తల సంఖ్య కాదు.

సందర్శకుల వల్ల కలిగే హానిని నివారించడం కూడా కార్యక్రమంలో భాగమే. మిర్టిల్ తుప్పు తెగులు శిలీంధ్రం 2010లో ఆస్ట్రేలియాలో మొదటిసారి బయటపడింది. జామ, నేరేడు, లవంగం, యూకలిప్టస్ వంటివి చేరిన మిర్టేసీ కుటుంబపు మొక్కల లేత చిగుళ్లపై ఇది పసుపుపచ్చని సిద్ధబీజాలను ఏర్పరుస్తుంది. చిగుళ్లు మళ్లీమళ్లీ మాడిపోవడంతో కొన్ని వర్షారణ్య జాతులు పూత, కాత లేక అంతరించే స్థితికి చేరాయి. సిద్ధబీజాలు గాలిలోనే కాక దుస్తులు, పనిముట్లకు అంటుకొని కూడా ప్రయాణిస్తాయి. మట్టి ద్వారా వ్యాపించే ఫైటోఫ్తోరా వేరుకుళ్లు ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి అడవిలోకి వెళ్లేముందు, వచ్చిన తరువాత పాదరక్షలు, పనిముట్లు శుభ్రపరచడం పాల్గొనేవారికి నేర్పే మొదటి పాఠం కావాలి.

రిచ్‌మండ్ బర్డ్‌వింగ్: సమస్య మూలం

పునరుద్ధరణ కార్యక్రమాలన్నింటిలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ సీతాకోకచిలుక కోసం జరిగిన కృషి విస్తరణ దృష్ట్యా అత్యంత బోధనాత్మకం. ఇది ఆస్ట్రేలియాలోని అతిపెద్ద సీతాకోకచిలుకలలో ఒకటి. మగవాటి రెక్కలు నలుపుపై మెరిసే ఆకుపచ్చ రంగులోను, ఆడవాటి రెక్కలు గోధుమ రంగుపై తెలుపు, పసుపు మచ్చలతోను ఉంటాయి. ఒకప్పుడు క్వీన్స్‌లాండ్‌లోని మేరీబరో నుండి న్యూ సౌత్ వేల్స్‌లోని గ్రాఫ్టన్ వరకు తీరప్రాంతమంతటా ఇది విస్తరించి ఉండేది. బ్రిస్బేన్ నగర ప్రాంతంలో కూడా ఇది సాధారణంగా కనిపించేది. తరువాత దాని విస్తృతి సుమారు మూడవ వంతుకు కుంచించుకుపోయి, ఉత్తర, దక్షిణ ప్రాంతాలుగా విడిపోయింది.

దీని గొంగళిపురుగులు పారారిస్టోలోకియా ప్రజాతి తీగల ఆకులను మాత్రమే తిని బతుకుతాయి. లోతట్టు వర్షారణ్యంలో పెరిగే పారారిస్టోలోకియా ప్రేవినోసా వీటి ప్రధాన అతిథేయి మొక్క. ఎత్తైన పర్వతాలపై పారారిస్టోలోకియా లహేయానా అనే మరొక తీగ ఉంటుంది. లామింగ్టన్ పైభాగంలో సీతాకోకచిలుకలకు ఆధారం ఇదే. అయితే పర్వతాలపై చల్లదనం వల్ల గొంగళిపురుగుల ఎదుగుదల మందగిస్తుంది. జాతి మనుగడకు వెచ్చని లోతట్టు అడవి, అక్కడి తీగ అత్యవసరం.

ఆ లోతట్టు అడవే మొదట నాశనమైంది. ఈ సీతాకోకచిలుకకు పేరునిచ్చిన రిచ్‌మండ్ నది ప్రాంతంలో బిగ్ స్క్రబ్ అనే వర్షారణ్యం సుమారు 75 వేల హెక్టార్లలో ఉండేది. పాడిపరిశ్రమ కోసం, పంటల కోసం నరికివేయగా నేడు సుమారు ఒక శాతం మాత్రమే చెదురుమదురు తునకలుగా మిగిలింది. అదే ప్రాంతపు అడవులు మెకడేమియా గింజ పంటకు పుట్టినిల్లు కూడా. ప్రపంచ విపణిలో విలువైన పంటకు మూలమైన వన్యజాతులు తమ సొంతగడ్డపై ప్రమాదస్థితిలో ఉండడం వ్యవసాయ శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయం.

అడవి తునకలుగా మారడం వల్ల మరొక సమస్య తలెత్తింది. వేరువేరు తునకలలోని సీతాకోకచిలుకలు కలుసుకోలేక, దగ్గరి సంబంధం గలవి తమలో తాము జతకట్టడంతో అంతఃప్రజనన క్షీణత ఏర్పడింది. గుడ్లు పొదగకపోవడం, గొంగళిపురుగులు బలహీనంగా ఉండడం దీని లక్షణాలు. కరవు సంవత్సరాలలో తీగలకు లేత ఆకులు రాక చిన్న సమూహాలు పూర్తిగా కనుమరుగయ్యే ప్రమాదం ఎక్కువ. చూపులకు అడవి పచ్చగానే ఉన్నా, దానిలోని సీతాకోకచిలుక అంతరించడానికి ఇది ఒక కారణం.

అందమైన తీగ, విషపు ఉచ్చు

ఈ క్షీణతకు తోడైన మరొక కారణం ఇళ్ల తోటలలో ఉన్నది. దక్షిణ అమెరికాకు చెందిన అరిస్టోలోకియా ఎలిగాన్స్ అనే తీగను వింతైన గొట్టపు పూల కోసం ఆస్ట్రేలియా తోటలలో పెంచారు. వ్యవహారంలో దీనిని డచ్‌మన్స్ పైప్ అంటారు. గాలికి ఎగిరే విత్తనాల ద్వారా ఇది వాగుల వెంట, అడవి అంచులలో వ్యాపించింది. ఇది స్థానిక అతిథేయి తీగకు దగ్గరి బంధువు కావడంతో దీని ఆకులలోని రసాయనాలు ఆడ సీతాకోకచిలుకను ఆకర్షిస్తాయి. అది ఈ ఆకులపై గుడ్లు పెడుతుంది. పొదిగిన గొంగళిపురుగులు ఆ ఆకులను తిని విషప్రభావంతో చనిపోతాయి.

కీటకశాస్త్రంలో ఆకర్షక పంట అనే భావన విద్యార్థులకు పరిచితమే. ప్రధాన పంటను కాపాడేందుకు పురుగును వేరొక మొక్కపైకి మళ్లించడం దాని ఉద్దేశం. ఇక్కడ అదే యంత్రాంగం ఎవరూ ఉద్దేశించకుండానే అరుదైన జీవిపై పనిచేసింది. సీతాకోకచిలుకలంటే ఇష్టపడి, అవి వాలుతున్నాయన్న సంతోషంతో ఆ తీగను పెంచిన గృహస్థు వాటి సంతతి నాశనానికి కారకుడయ్యాడు. తోటలోకి సీతాకోకచిలుక రావడం దాని సంక్షేమానికి రుజువు కాదు. గుడ్డు నుండి వెలువడిన పురుగు రెక్కలతో ఎగిరిపోయినప్పుడే ఆ తోట ఆవాసమవుతుంది.

ప్రజలకు అప్పగించిన పని

1990ల దశకంలో ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ అయిన సి.ఎస్.ఐ.ఆర్.ఓ.కు చెందిన కీటక శాస్త్రవేత్త డాన్ శాండ్స్ ఈ సీతాకోకచిలుక పరిరక్షణకు ప్రజా కార్యక్రమాన్ని ప్రోత్సహించారు. ఆ సంస్థ విద్యార్థుల కోసం నడిపిన డబుల్ హెలిక్స్ సైన్స్ క్లబ్ ద్వారా పాఠశాలలు ఇందులో చేరాయి. పిల్లలు స్థానిక తీగను పెంచి, పాఠశాల ఆవరణలలోను, ఇళ్లలోను నాటారు. విదేశీ తీగను గుర్తించి తొలగించడం నేర్చుకున్నారు. సీతాకోకచిలుకలు కనిపించిన స్థలం, తేదీ నమోదు చేశారు. తరువాతి కాలంలో ఈ పనిని కొనసాగించేందుకు ఏర్పడిన స్వచ్ఛంద సమూహానికి క్వీన్స్‌లాండ్ వన్యప్రాణి పరిరక్షణ సంఘం ఆశ్రయమిచ్చింది. కవయిత్రి జూడిత్ రైట్, ప్రకృతి శాస్త్రవేత్త డేవిడ్ ఫ్లే, కళాకారిణి కాథ్లీన్ మెకార్థర్, ప్రచురణకర్త బ్రయాన్ క్లౌస్టన్ కలిసి 1962లో స్థాపించిన సంఘమిది.

పాల్గొన్నవారికి అప్పగించిన పని చూడడానికి సులభం, నిర్వహణలో సూక్ష్మం. అతిథేయి తీగ నెమ్మదిగా పెరుగుతుంది. ఎగబాకడానికి చెట్టు లేదా బలమైన పందిరి, వేళ్లకు నీడ, పైభాగానికి వెలుతురు, ఎండాకాలంలో తడి అవసరం. చిన్న పురుగులు లేత ఆకులనే తినగలవు. ముదురు ఆకులు వాటికి పనికిరావు. ఆహారం చాలనప్పుడు పెద్ద పురుగులు తోటి పురుగులను కూడా తింటాయి. కావున ఒంటరి తీగ కంటే కొన్ని తీగల గుంపు మేలు. అడవినుండి తీగలు తవ్వి తేకుండా నర్సరీలో పెంచిన మొక్కలనే వాడాలి. నాటే చోట్లు అడవి తునకలను కలిపే వరుసగా ఉంటే సీతాకోకచిలుకలు ఒక సమూహం నుండి మరొక సమూహానికి చేరుకొని, అంతఃప్రజనన క్షీణత తగ్గే అవకాశం ఉంటుంది.

ఉద్యానవనపు సరిహద్దు ఈ పనిలో నిర్ణాయకం కాలేదు. ఎత్తైన అడవి ప్రభుత్వ రక్షణలో ఉన్నది. లోతట్టు ఆవాసంలో మిగిలినది చాలావరకు పొలాల గట్లపైన, వాగుల ఒడ్డున, పెరడులలో ఉన్నది. ఉద్యానవనంలో నడిచి మెచ్చుకున్న సందర్శకుడు తన పెరటిలోని తీగను మార్చనంతవరకు ఆ మెప్పు వల్ల సీతాకోకచిలుకకు ప్రయోజనం లేదు.

అగ్నిప్రమాదం నేర్పిన విషయం

2019 సెప్టెంబరు 8న దావానలంలో బిన్నా బర్రా విడిదిలోని చారిత్రక కట్టడాలు దగ్ధమయ్యాయి. సాధారణంగా తేమతో ఉండి మంటను అడ్డుకునే వర్షారణ్యపు అంచులు దీర్ఘకాలపు అనావృష్టి వల్ల ఎండిపోయి కాలాయి. వర్షారణ్య వృక్షాలలో అనేకం అగ్నికి అలవాటుపడినవి కావు. కాలిన అంచులో మొదట ఆక్రమించేది లాంటానా వంటి కలుపు. అది ఎండినప్పుడు తరువాతి మంటకు ఇంధనమై అడవిలోకి మరింత లోపలికి దారి తీస్తుంది. ఈ దృష్టితో చూస్తే అంచులలో ఓపికగా సాగే కలుపు నివారణ సుందరీకరణ కాదు. అగ్ని నివారణలో భాగం. ప్రమాదం జరిగిన తొలి నెలలలో ఉప్పొంగే సానుభూతి కంటే, తరువాతి సంవత్సరాలలో అదే స్థలానికి మళ్లీమళ్లీ వచ్చే చిన్న బృందం విలువైనది.

విస్తరణ దృష్టిలో ముఖ్యాంశాలు

ఈ అనుభవం నుండి కార్యక్రమ రూపకల్పనకు నాలుగు సూత్రాలు లభిస్తాయి.

1. లక్ష్యజీవి జీవితచక్రంలో ఏ దశ దెబ్బతింటున్నదో శాస్త్రవేత్త ముందుగా నిర్ధారించాలి. బర్డ్‌వింగ్ విషయంలో అది గొంగళిపురుగు దశ. పూలమొక్కలు నాటి ప్రౌఢ సీతాకోకచిలుకలకు తేనె సమకూర్చినా మూలసమస్య తీరదు.

2. చేయవలసిన పనితోపాటు చేయకూడని పనిని కూడా సమానంగా బోధించాలి. స్థానిక తీగను నాటడంలోని ఆనందం విదేశీ తీగను పెకలించడంలో ఉండదు. కానీ రెండవది లేకుండా మొదటిది నిష్ఫలం.

3. ఫలితాన్ని జీవశాస్త్ర కొలమానంతో కొలవాలి. నాటిన తీగలు ఎన్ని అన్నదాని కంటే ఎన్ని బతికాయి, వాటిపై గుడ్లు ఉన్నాయా, పురుగులు ప్యూపా దశకు చేరాయా అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

4. అనుసరణకు కాలవ్యవధి ముందే నిర్ణయించాలి. నెమ్మదిగా ఎదిగే తీగను ఒక విద్యాసంవత్సరపు పథకంలో ఇమడ్చలేము. నాటిన విద్యార్థి వెళ్లిపోయిన తరువాత ఆ తీగ బాధ్యత ఎవరిదో ప్రారంభంలోనే రాసిపెట్టాలి.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

లామింగ్టన్ జాతులను తెలుగు రాష్ట్రాలకు అన్వయించడం కుదరదు, విధానాన్ని అన్వయించవచ్చు. తూర్పు కనుమలలో, మైదానాలలో నల్లేశ్వరి తీగ, అనగా అరిస్టోలోకియా ఇండికా, సహజంగా పెరుగుతుంది. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు ఇదే ప్రజాతి తీగలు ఆహారం. నల్లేశ్వరి ఔషధమొక్క కూడా కావడంతో వేళ్ల కోసం తవ్వి తీస్తారు. ఒకే మొక్కపై మనిషి అవసరం, కీటకపు మనుగడ రెండూ ఆధారపడినందున విత్తనం నుండి నర్సరీలలో పెంచడం ఉభయతారకం. వ్యవసాయ కళాశాలల క్షేత్రాలు, జాతీయ సేవా పథకం శిబిరాలు, గ్రామ పాఠశాలలు ఇందుకు తగిన వేదికలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990లలో ప్రారంభమైన వన సంరక్షణ సమితుల అనుభవం ఈ సందర్భంలో ఉపయోగకరం. అడవి అంచు గ్రామాలకు కలుపు పొదల తొలగింపు, మొక్కల పెంపకం కొత్త పనులు కావు. వాటికి జీవశాస్త్ర పరిశీలనను జోడించడం విస్తరణ శాస్త్రవేత్తల వంతు. అలంకరణ తీగలను సిఫార్సు చేసేముందు స్థానిక సీతాకోకచిలుకలు వాటిపై గుడ్లు పెడుతున్నాయా, పెడితే పురుగులు బతుకుతున్నాయా అని క్షేత్రంలో పరిశీలించడం విద్యార్థుల పరిశోధనకు తక్కువ ఖర్చుతో కూడిన, ప్రయోజనకరమైన అంశం.

ముగింపు

లామింగ్టన్ అడవి నిలవడానికి కోత మిల్లు కుటుంబపు ఇంజనీరు, పాడిరైతులు, మాంద్యకాలపు కూలీలు, పాఠశాల విద్యార్థులు తమ తమ పాత్రలు నిర్వహించారు. వారి ఆసక్తికి సరైన దిశ చూపినది శాస్త్రజ్ఞానం. సరైన దిశ లేని ఆసక్తి విషపు తీగను కూడా ప్రేమతోనే పెంచింది. ప్రజలను ప్రకృతి వద్దకు తీసుకువెళ్లడంతో ప్రకృతి కార్యక్రమం మొదలవుతుంది. వారు ఇంటికి తిరిగివెళ్లిన తరువాత తమ గట్టుపైన, పెరటిలో ఏ మొక్కను ఉంచుతారు, దేనిని తీసివేస్తారు అన్నదానిపై దాని ఫలితం ఆధారపడి ఉంటుంది.